చెయ్యి అడ్డం పెట్టకు

బుగియాస్,
2 డిసెంబరు 1990

మానోంగ్ ఫౌస్తినోకి,

నీ తమ్ముడు, నీ ఆడింగ్, ఎలియాస్ రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం, ముసలోడు తప్ప.

మనిద్దరం పద్నాలుగేళ్ల కిందట పాత లారీ ఇంజను తెచ్చి కట్టుకున్న జీపు ఇన్నాళ్లూ నాకు తిండి పెట్టింది. ఇప్పుడు ఆ ముసలోడే మొరాయిస్తున్నాడు. నవంబరు మూడోవారం నుంచి తెల్లవారుజామున స్టార్టు కావడం లేదు. సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతాడు, నోరు మాత్రం విప్పడు. తొమ్మిదిన్నర, పదికి బానెట్టు మీద ఎండ పడ్డాక ఏమీ ఎరగనట్టు లేస్తాడు. లేచినా తెల్లపొగ, మిస్సింగ్. కొండ మలుపు దగ్గర మంచులో పికప్ పడిపోతుంది. అవతల దిగి త్రినిదాద్ కూరగాయల యార్డు చేరేసరికి మళ్లీ గుర్రమే. అక్కడి మెకానిక్ మిట్టమధ్యాహ్నం చూసి నవ్వాడు. "బండికేం రోగం లేదబ్బాయ్, రోగం డ్రైవరుకి. పొద్దున్నే లేవడానికి బద్ధకమేసి ముసలోడి మీద తోస్తన్నావ్" అన్నాడు.

నా లైను ఐదింటి ట్రిప్పు. అది నీకూ తెలుసు. క్యాబేజీ ఎనిమిదికల్లా యార్డులో ఉంటేనే ధర, పదింటికి చేరితే పశువుల మేత. పిల్లలు ఏడుగురు హైస్కూలుకి వెళ్లాలి. డ్రైవర్ల సంఘం పెద్ద బస్తియాన్ ఇంటికొచ్చి మరీ చెప్పాడు. "జనవరి ఆఖరి ఆదివారం మీటింగుంది ఎలియాస్. అప్పటికి ఐదింటి ట్రిప్పు నిలబెట్టుకో. లేకపోతే లైను రెండో బండి డ్రైవరు తవాస్‌కి రాసిచ్చేస్తాం. నా మీద కోపం పెట్టుకోమాక" అన్నాడు. లైను పోతే నాకు వేరే పని చేతకాదు.

అక్టోబరులో నువ్వు పంపిన కొబ్బరినూనె డబ్బాలు మమ్మల్ని ఆదుకున్నాయి. డీజిలు ఇలా మండుతుంటే నువ్వు చెప్పినట్టే మూడు వంతులకి ఒక వంతు నూనె కలిపి పోస్తున్నాను. బండి వెనక నడిచేవాళ్లు "ఏం వేయిస్తన్నావ్ ఎలియాస్?" అని అడుగుతున్నారు. నీ మరదలు రుఫినాకి తలకని పంపిన సీసా మాత్రం ఆమెని సతాయిస్తోంది. రాయిలా గడ్డకట్టి బయటికి రాదట, చెంచాతో గీరుకుంటోంది. నీకు దీవెనలూ తిట్లూ కలిపి పంపమంది.

ముసలోడికేమైందో చెప్పు.

నీ తమ్ముడు,
ఎలియాస్


లూసేనా,
10 డిసెంబరు 1990

ఆడింగ్ ఎలియాస్‌కి,

ఉత్తరం చదివి నవ్వుకున్నాను. కోప్పడకు. పొద్దున లేవడు, తెల్లపొగ, మిస్సింగ్. ఇందులో అంత బుర్ర బద్దలు కొట్టుకోవడానికేముంది? ఇంజెక్టరు. ఇంజెక్టరు కాకపోతే నా షాపు బోర్డు పీకేసి కొబ్బరిచెట్లు ఎక్కుతాను.

ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టరు మూతి, అదే నాజిలు, మంచిదైతే డీజిలు పొగమంచులా రావాలి. పాడైందంటే ముసలాయన ఒంటేలుకి కూర్చున్నట్టు చుక్కలు చుక్కలుగా కారుతుంది. చల్లటి ఇంజనులో చుక్క మండదు. తెల్లపొగై పోతుంది. ఇంజను వేడెక్కాక ఎలాగో సర్దుకుంటుంది. నీ త్రినిదాద్ మెకానిక్‌కి ఇది తెలియదంటే అతను పానా పట్టడం మానేసి క్యాబేజీ అమ్ముకోవడం మంచిది.

ఇలా చెయ్యి. ఇంజను నడుస్తుండగా మొదటి ఇంజెక్టరు పైపు నట్టు అర చుట్టు వదులు చెయ్యి. చప్పుడు కుంటిందనుకో, ఆ ఇంజెక్టరు పని చేస్తున్నట్టు. బిగించెయ్యి. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఏ నట్టు వదులు చేసినా చప్పుడు మారలేదో అదే దొంగ. ఇంట్లో ఒకడు లేకపోయినా ఎవరికీ తెలియలేదంటే వాడు ఏ పనీ చేయడం లేదనేగా. మా గురువు మాస్త్రో గోరియో ఈ సంగతి నాకు నేర్పినప్పుడు నా మీసం ఇంకా మొలవలేదు.

నేనే వద్దును. కాలికి చిన్న పుండు లేచింది, చెప్పు తొడుక్కోనివ్వడం లేదు. చక్కెర జబ్బులో ఇలాంటివి మామూలే.

నా ఎడమ చూపుడు వేలు తినేసిన ఫ్యాన్ బెల్టు సాక్షిగా చెబుతున్నాను, ఇంజెక్టరే.

రుఫినాకి చెప్పు, నూనె గడ్డకట్టిందంటే అసలైనదని. కల్తీది గడ్డకట్టదు.

ఫౌస్తినో


బుగియాస్,
20 డిసెంబరు 1990

మానోంగ్‌కి,

నువ్వు చెప్పినట్టే చేశాను. పదింటికి ఇంజను లేచాక ఒక్కొక్క నట్టూ వదులు చేశాను. నాలుగింటికీ చప్పుడు కుంటింది. దొంగ దొరకలేదు. ఇంట్లో నలుగురూ పని చేస్తున్నారు, ఇల్లు మాత్రం తెల్లారి లేవదు.

ఐదింటికే చూద్దామంటే అప్పుడు ఇంజనే నడవదు. నడవని ఇంజను చప్పుడు మారిందో లేదో ఎలా తెలుస్తుంది? అడుగుతున్నాను, వెక్కిరించడం లేదు.

సోమవారం క్యాబేజీ బస్తాలు ఎక్కించి, హైస్కూలు పిల్లల చేత నెట్టించాను. వాలులో రెండు ఫర్లాంగులు దొర్లించినా దగ్గలేదు. పిల్లల్లో తవాస్ మేనకోడలు కూడా ఉంది. "అంకుల్, మేం నెడుతున్నాం కదా, మాకు టికెట్టు డబ్బులు మీరే ఇవ్వాలి" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత తవాస్ బండి వచ్చింది. బస్తాలు అందులోకి మార్చుకున్నారు, పిల్లలూ ఎక్కేశారు. తవాస్ హారను కూడా కొట్టలేదు. మంచివాడే. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

రాత్రుళ్లు బానెట్టు మీద రెండు దుప్పట్లు కప్పుతున్నాను. రుఫినా అందులో రెండోది లాక్కుని, "మనిషికి కప్పడానికి లేవు గానీ ఇంజనుకి రెండా?" అంది. పొద్దున ఆమే వేడినీళ్లు కాచి ఇంజను మీద పోసింది. లాభం లేకపోయింది.

బస్తియాన్ రోజూ నా వాకిలి ముందు నుంచే నడిచి వెళ్తాడు. బండి వంక ఓసారి చూస్తాడు. నువ్వు ఒక్కసారి రాగలవా? నీ చెవి కావాలి మాకు.

ఎలియాస్


లూసేనా,
2 జనవరి 1991

ఆడింగ్‌కి,

కొత్త సంవత్సరం. రాలేను. పుండు ఇంకా మానలేదు, అంతకంటే ఏమీ లేదు. నా చెవి రాలేదు గానీ నా బుర్ర కవరులో పెట్టి పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పు.

నాలుగింటికీ చప్పుడు కుంటిందంటే నాలుగూ సగంసగం పాడయ్యాయన్నమాట. అన్నీ ఒక్కసారే ముసలివైతే దొంగని పట్టుకోవడం కష్టం. అందుకని నాజిల్స్‌ని బయటికి తీసి కళ్లారా చూడాలి. నాలుగు ఇంజెక్టర్లూ ఊడదీసి, వాటి పైపులు బయటి వైపు తిప్పి, గాలిలోకి చూసేట్టు మళ్లీ బిగించు. రుఫినాని సెల్ఫ్ కొట్టమను. ఇంజను తిరిగినప్పుడు నాలుగూ ఒక్కొక్కటిగా ఊదుతాయి. పొగమంచులా వస్తే మంచిది. తీగలా వచ్చినా, చివర చుక్క వేలాడినా అది పాడు. పాడైనవి గుడ్డలో చుట్టి నాకు పంపు. రెండు రోజుల్లో బాగుచేసి వెనక్కి పంపిస్తాను. జనవరి ఆఖరుకి సరిపోతుంది.

మాస్త్రో గోరియో అయితే కంటితో కూడా చూసేవాడు కాదు. నాజిలు ముందు అరచెయ్యి పట్టి కళ్లు మూసుకునేవాడు. "కన్ను అబద్ధమాడుద్దిరా, చెవి అబద్ధమాడుద్ది. చర్మం ఆడదు" అనేవాడు. ఎన్ని మైళ్లు తిరిగిన నాజిలో చేత్తోనే చెప్పేసేవాడు. ఊరంతా దానికోసమే వచ్చి నిలబడేది. నేనూ అలాగే నేర్చుకున్నాను. మంచి నాజిలు తుంపర అరచేతికి పిల్లి తుమ్మినట్టు తగులుతుంది. ఆ స్పర్శ ఒక్కసారి తెలిసిందా, ఇక జన్మలో మరిచిపోవు.

బస్సు కండక్టరు బెనింగ్ రేపు గురువారం బాగియో వెళ్తున్నాడు. అతని చేతికిస్తున్నాను. అక్కడి నుంచి మీ కూరగాయల లారీల్లో ఎవరైనా తెచ్చిస్తారు. పోస్టుకంటే వాడే నయం.

ఫౌస్తినో


లూసేనా,
4 జనవరి 1991

ఎలియాస్,

ముందు ఇది చదువు. తర్వాతే పానా పట్టుకో. నాజిలు ముందు చెయ్యి అడ్డం పెట్టకు. అరచెయ్యి కాదు, వేలు కాదు, గుడ్డ చుట్టుకుని కూడా కాదు. రుఫినాని కూడా ఎదురుగా నిలబడనివ్వకు. పక్కన నిలబడి కాగితం ముక్క పట్టి చూడు, చాలు.

ఈ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నేను నీకేం రాశానో గుర్తొచ్చింది. అప్పటికే బెనింగ్ బస్సు వెళ్లి ఒక రోజైంది.

మాస్త్రో చెయ్యి పట్టింది నాజిల్స్ పరీక్షించే చిన్న చేతిపంపు ముందు, తిరిగే ఇంజను ముందు కాదు. మెల్లగా ఒక్కసారి నొక్కి, మూరెడు దూరంలో పట్టేవాడు. నేను ఆ ముక్క రాయలేదు. ఇంజను తిప్పితే వచ్చేది తుంపర కాదురా, కంటికి కనబడని సూది. చర్మంలో దూరి లోపల ఎముక పక్కనే పాకుతుంది. నొప్పి ఉండదు, రక్తం చుక్క కూడా రాదు. చీమ కుట్టిందనుకుంటాం. మూడోరోజుకి లోపలంతా కుళ్లిపోతుంది.

నాకెలా తెలుసంటావా? నా వేలు ఫ్యాన్ బెల్టులో పోలేదు ఎలియాస్. ఇలాగే పోయింది. ఊరి జనం చూస్తుండగా మాస్త్రోలా కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాను, గొప్ప కోసం. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంజెక్టరు పనివాడికి ఇంజెక్టరే గుచ్చుకుందని తెలిస్తే ఇంకెవడు బండి తెస్తాడు? అందుకని బెల్టు అన్నాను. అమ్మతోనూ అదే అన్నాను. చచ్చేదాకా ఆమె ప్రతి ఫ్యాన్ బెల్టునీ తిట్టింది. పదహారేళ్ల నుంచి ఇది మోస్తున్నాను, ఇవాళ నీకొక్కడికే దించుతున్నాను.

తంతి ఇద్దామని వెళ్లాను. జూలై భూకంపంలో పడిన తీగలు బాగియో అవతల ఇంకా లేవలేదట. బెనింగ్ మళ్లీ గురువారానికి గానీ వెళ్లడు. అందుకే రిజిస్టరు చేస్తున్నాను. గుమాస్తా చేత రెండు చోట్ల ముద్ర కొట్టించాను. రిజిస్టరు ఉత్తరం ఎక్కడా తప్పిపోదని అతను చెప్పాడు. ఇది ముందు చేరాలి.

చెయ్యి అడ్డం పెట్టకు.

ఫౌస్తినో


బుగియాస్,
8 జనవరి 1991

మానోంగ్‌కి,

నువ్వు బెనింగ్ చేతికిచ్చిన ఉత్తరం ఆరో తారీఖు అందింది. నిన్న మధ్యాహ్నం చేశాం. రుఫినా సెల్ఫ్ కొట్టింది. వీధిలో సగం మంది వచ్చి కూర్చున్నారు, బస్తియాన్ కూడా.

నాలుగు నాజిల్సూ బ్రహ్మాండంగా ఉన్నాయి. నాలుగింటి నుంచీ పొగమంచే. చుక్క లేదు, తీగ లేదు. మొదట కంటితో చూశాను. తర్వాత నువ్వు రాసినట్టు కళ్లు మూసుకుని అరచెయ్యి పట్టాను. మొదటిది పిల్లి తుమ్మినట్టే ఉంది, నువ్వన్న మాట నిజం. "మీ అన్న మంత్రగాడురా" అన్నాడు బస్తియాన్. నాలుగోది కొంచెం దగ్గరగా పట్టినట్టున్నాను, చిన్నగా చురుక్కుమంది. చూస్తే సూదిబెజ్జమంత మచ్చ, రక్తం కూడా లేదు.

కాబట్టి ఇంజెక్టర్లు కాదు మానోంగ్. అన్నీ తిరిగి బిగించాను. ఈ ఉదయం ఐదింటికి మళ్లీ అదే కథ. ముసలోడు లేవలేదు. ఇంకేం మిగిలింది? నాకు తోచడం లేదు. మీటింగుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

కుడిచేతి వేళ్లు కొంచెం బిగుసుకున్నాయి, అందుకే రాత వంకరగా ఉంది. రుఫినా నీ కొబ్బరినూనెతోనే మర్దనా చేస్తోంది. దాన్ని ముందు పొయ్యి పక్కన పెట్టి కరిగించాల్సి వస్తోంది. పొద్దుటిపూట అయితే మరీ రాయి. పది దాటితే గానీ కరగదు.

ఎలియాస్


లూసేనా,
12 జనవరి 1991

ఎలియాస్, రుఫినా, ఈ ఉత్తరం ఎవరి చేతికి ముందందితే వాళ్లు చదవండి.

ఆ చేతిని వెంటనే బాగియో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వాపు లేకపోయినా, నొప్పి లేకపోయినా వెళ్లండి. సూది పోటే కదా అని ఎవరన్నా ఊరుకోవద్దు. డీజిలు లోపలికి దూరింది, కోసి కడగాలి అని చెప్పండి. మర్దనా ఆపెయ్యి రుఫినా. అది ఇంకా లోపలికి తోస్తుంది. ఇది నాకు బాగా తెలుసు.

నీ ఉత్తరం పన్నెండింటికి అందింది. ఒంటిగంటకి బస్టాండులో ఉన్నాను. నేనే వద్దామని ఎక్కబోయాను. రెండో మెట్టు మీద కాలి పుండు పగిలింది. కండక్టరు చూసి, "తాతా, ఈ కాలితో నువ్ మనీలా కూడా దాటవు" అని చంకల కింద చేతులేసి దింపేశాడు. అది చిన్న పుండు కాదు. రెండు వేళ్లు నల్లబడ్డాయి. మీకు రాయలేదు. ఇప్పుడు అదే బస్సు డ్రైవరుకి ఈ కాగితం ఇస్తున్నాను. నా దగ్గర ఉన్నదంతా ఇదే.

ఇంకొకటి. ముసలోడికి ఏ రోగమూ లేదు. రోగం నేను పంపాను. పొద్దున రాయి, పదింటికి కరుగుతుంది అని నువ్వే రాశావు. టాంకులో ఉన్నదీ అదే నూనె కదరా. చలికి ఫిల్టరులో గడ్డకట్టి డీజిలు దారి మూస్తోంది. ఎండెక్కితే కరిగి దారిస్తోంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే సీసా సంగతి రాశావు. నేను అసలైన నూనె అని గొప్పలు చెప్పాను. ఈ ఊళ్లో చలి ఉండదు, నూనె గడ్డకట్టడం చూసి ముప్పై ఏళ్లైంది. ఇంజెక్టర్లు తప్ప ఇంకేమీ కనబడని కళ్లు ఇవి.

టాంకు ఖాళీ చేయించండి. ఫిల్టరు పారేయండి. కానీ ముందు చెయ్యి. ముందు చెయ్యి.

ఫౌస్తినో


బాగియో,
19 జనవరి 1991

మానోంగ్ గారికి,

రుఫినా రాస్తున్నది. మీ ఉత్తరం పదిహేడున అందింది. మేం అంతకుముందే వచ్చేశాం. పదకొండో తారీఖు ఉదయానికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బి, వేళ్లు పాలిపోయాయి. ఆయన రానన్నారు, ట్రిప్పు పోతుందన్నారు. ఏ ట్రిప్పు అని అరిచాను. తవాస్ బండిలోనే తీసుకొచ్చాను.

రెండు వేళ్లు తీసేశారు. కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు. అరచెయ్యి మూడుసార్లు కోసి కడిగారు, అది దక్కింది. ఇక్కడి డాక్టరు చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. "మొదటి రోజే తీసుకొచ్చుంటే వేళ్లు ఉండేవేమోనమ్మా. ఎవరైనా ముందు చెప్పుండాల్సింది" అన్నారు. నేను తల వంచుకుని విన్నాను.

మీరు పెద్దవారు. మిమ్మల్ని ఒక మాట అనడం నా నోటికి రాదు. కానీ చెయ్యి పట్టి చూడమని రెండు పేజీలు రాశారే, పెట్టొద్దని ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే బాగుండేది. ఆయన మీ ఉత్తరాలు నాలుగుసార్లు చదువుతారు. మీరు బావిలో దూకమంటే దూకుతారు.

మీ మాట విని తవాస్ టాంకు ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి, మంచి డీజిలు పోశాడట. నిన్న ఐదింటికి ముసలోడు మొదటి సెల్ఫ్‌కే లేచాడట. పొగ లేదు, మిస్సింగ్ లేదు. అబద్ధమెందుకు, విని ఏడ్చాను.

మీ కాలు చూపించుకోండి.

రుఫినా


లూసేనా,
25 జనవరి 1991

ఆడింగ్‌కి,

రుఫినా రాసింది. ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నాలుగో తారీఖున నీకో ఉత్తరం రిజిస్టరు చేశాను. చెయ్యి అడ్డం పెట్టొద్దని అందులో రాశాను. అది నీకు చేరిందా? చేరితే ఎప్పుడు చేరింది? అటు నుంచి వచ్చే బస్సుల డ్రైవర్లందరినీ అడిగాను. భూకంపానికి వదులైన కొండ మళ్లీ విరిగిపడి పోస్టు బండి వెళ్లే రోడ్డు వారం మూసేశారని, బస్సులు, లారీలు చుట్టూ తిరిగి వెళ్లాయని ఒకడు చెప్పాడు. నిజం చెప్పు. ఇవాళ నాకు కావాల్సింది అదొక్కటే.

ఫౌస్తినో


బుగియాస్,
5 ఫిబ్రవరి 1991

మానోంగ్‌కి,

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇవి కోడిగీతలు, సర్దుకుని చదువుకో.

ముందు నువ్వడిగింది. నీ రిజిస్టరు ఉత్తరం అందింది. ఆరో తారీఖు సాయంత్రమే అందింది. చదివాను. చెయ్యి పెట్టొద్దని స్పష్టంగా రాశావు. వీధి జనం ముందు గొప్ప కోసం పెట్టాను. రుఫినాకి తెలిస్తే ఊరుకోదని కాగితం సీటు కింద దాచేశాను, తర్వాత అది ఎటుపోయిందో తెలియదు. కాబట్టి ఇందులో నీ తప్పు లేదు. తప్పు నాది. నిన్ను నువ్వు తిట్టుకోవడం మానేసి నన్ను తిట్టు. నువ్వు తిట్టి చాలా రోజులైంది.

మీటింగు అయిపోయింది. లైను తవాస్‌కి రాసిచ్చారు. బస్తియాన్ నా ముఖం చూడలేకపోయాడు. "జూన్‌లో మళ్లీ మాట్లాడుకుందాంలే ఎలియాస్. చెయ్యి ఎలా ఉంటుందో చూద్దాం" అన్నాడు. తవాస్ లేచి నిలబడి "నాకొద్దు" అన్నాడు. నేనే తీసుకోమన్నాను. క్యాబేజీ ఆగదు కదా.

ముసలోడు ఇప్పుడు రోజూ ఐదింటికి లేస్తున్నాడు. నేను వెళ్లి ఎడమచేత్తో తాళం తిప్పుతాను. ఒక్క కొట్టుకే అందుకుంటాడు. కాసేపు సీట్లో కూర్చుని వింటాను. తర్వాత తవాస్ బండి వెళ్లిన చప్పుడు వినబడ్డాక ఆపేసి లోపలికొస్తాను. గేరు రాడ్డు కుడిచేతి వైపేగా, మార్చి చూశాను. కుడిచేతిలో మిగిలిన వేళ్లకి ఇంకా పట్టు లేదు.

నీ వేలు బెల్టు తినేసింది, నావి రెండు నాజిలు తీసుకుంది. ఇద్దరికీ కలిపి ఇంకా పదిహేడు మిగిలాయి. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఒక మంచి డ్రైవరు అవుతాం.

కాలు ఎలా ఉంది? ఈసారి దాచకు.

ఎలియాస్


లూసేనా,
12 ఫిబ్రవరి 1991

రుఫినాకి,

అమ్మా, ఇది నీ ఒక్కదానికే రాస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

ఎలియాస్ ఉత్తరం నిన్న వచ్చింది. నా హెచ్చరిక ముందే అందిందని, చదివి కూడా చెయ్యి పెట్టానని రాశాడు. చదివి ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత చివరికొచ్చేసరికి, నా వేలు బెల్టు తినేసిందని రాశాడు. నా వేలు ఎలా పోయిందో ఆ ఉత్తరంలో రాశాను. చదివినవాడు ఆ మాట రాయడు.

ఈ ఉదయం పోస్ట్‌మ్యాన్ ఆ ఉత్తరాన్నే నాకు తిరిగి తెచ్చిచ్చాడు. వెనుక రోడ్డు మూసివేత అని ముద్ర ఉంది. అంటించిన అంచు అంటించినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు. ఇక్కడ అంటించిన జిగురు అలాగే ఇక్కడికి తిరిగొచ్చింది, నేను మాత్రం నా మాట ఆ కొండ ఎక్కి మీకు చేరుతుందని అనుకున్నాను.

నువ్వన్నది నిజం. ఒక్క వాక్యం ముందు రాసి ఉండాల్సింది. రాశాను, కానీ రిజిస్టరు అయితే నమ్మకమని గుమాస్తాకిచ్చాను. ఏదో ఒక బస్సు డ్రైవరు చేతిలో పెట్టి ఉంటే చేరేది. అది కూడా నా బుర్రే.

వాడు అబద్ధమాడాడని నాకు తెలిసినట్టు వాడికి చెప్పకు. వాడికి ఇంకేమీ ఇవ్వలేను, ఆ అబద్ధం వాడి దగ్గర ఉండనీ.

నా కాలికి పాదం మొత్తం తీసేస్తారట. వచ్చే నెల.

ఫౌస్తినో


లూసేనా,
13 ఫిబ్రవరి 1991

ఆడింగ్ ఎలియాస్‌కి,

నీ కోడిగీతలు చేరాయి. తిట్టమన్నావు, తిడుతున్నాను. ఉత్తరం ముందురోజే చేతికొస్తే, చదివి కూడా వెళ్లి చెయ్యి పెడతావా? నీకు బుద్ధుందా? చిన్నప్పుడు కూడా ఇంతే. పొయ్యి ముట్టుకోకురా అంటే, ఏమీ కాలేదు చూడు అని అరచెయ్యి చూపించేవాడివి. గాడిదకి చెప్పినట్టు చెప్పాలి నీకు. ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా? నాదీ పడింది. తిట్లు అయిపోయాయి.

ఎప్పుడైనా నువ్వు ఉత్తరం హడావుడిగానే చదువుతావు. ఆ నాలుగో తారీఖు ఉత్తరంలో ఒక సంగతి నీ కంట పడకుండా జారిపోయినట్టుంది. అందుకని మళ్లీ రాస్తున్నాను. నా వేలు బెల్టులో పోలేదు. నీకు పోయినట్టే పోయింది. అలాగే, జనం చూస్తుండగా, కళ్లు మూసుకుని. సిగ్గుపడి బెల్టు అన్నాను. పదహారేళ్లు అదే అన్నాను. పాత జీపు కింద మనిద్దరం పడుకుని బోల్టులు బిగించినన్నాళ్లూ నువ్వు నా చేతి వంక చూస్తూ ఫ్యాన్ బెల్టుకి దూరంగా జరిగేవాడివి. ఆ ఒక్కరోజు నిజం చెప్పి ఉంటే, నాజిలు చూసినప్పుడల్లా ఏ ఉత్తరమూ అక్కర్లేకుండా నీ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేది.

నాకు తిట్లు పంపించు. ఎడమ చేత్తో అయినా సరే, పెద్ద అక్షరాల్లో.

నేనూ ఐదింటికి లేస్తున్నాను. మంచం మీదే కూర్చుంటాను. ఇక్కడి నుంచి ముసలోడు వినబడడని తెలుసు.

మానోంగ్ ఫౌస్తినో